పైకి లేవని చెయ్యి

“చేత్తో పట్టుకుని పైకెత్తావా, లేదా? ఆ ఒక్క ముక్క చెప్పు వదినా.”

ఆడపడుచు గొంతు పెంచలేదు. అదే భయం పుట్టించింది. పుట్టిన దగ్గర్నుంచీ నోరు మూయదని ఇంట్లో అందరూ ఆమెను పిచ్చుక అంటారు. అలాంటి పిచ్చుక పొద్దుటి నుంచీ ఒక్కో మాటనూ తూకం వేసి వదులుతోంది.

యోగా టీచరు వంటగది గట్టుకు ఆనుకుని నిలబడి ఉంది. పొయ్యి మీద పాలు అంచుదాకా వచ్చాయి. ఆమె వాటినే చూస్తోంది గాని చెయ్యి కదలడం లేదు.

“ఎత్తాను,” అంది.

“ఒక్కసారా?”

“రోజూ.”

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. మంట చటుక్కున ఆరిపోయింది. మాడు వాసన గదంతా కమ్ముకుంది.

“పిచ్చుకా, ఇక చాలించు,” అన్నాడు టీచరు భర్త. ఆయనకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. మనసు బాగోనప్పుడు జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి తన కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చోవడం అలవాటు. తెల్లవారిన దగ్గర్నుంచీ బల్ల ముందు కూర్చుని తుడుస్తూనే ఉన్నాడు.

“నువ్వు నీ అద్దాలు తుడుచుకో అన్నయ్యా. నేను వదినతో మాట్లాడుతున్నాను.” పిచ్చుక అతని వైపు చూడనైనా లేదు. “నిన్న డాక్టరమ్మ ఏమడిగింది? ‘ఈ ఎడమ చెయ్యి ఎప్పట్నుంచి పైకి లేవడం లేదమ్మా’ అని. అమ్మ ఏం చెప్పింది? ‘చలికాలం నుంచీ అండీ, కానీ మా కోడలు పట్టుకుని లేపితే లేచేది’ అంది. నవ్వుతూ చెప్పింది! కోడలి గొప్ప చెప్పుకుంటున్నట్టు చెప్పింది! డాక్టరమ్మ తలెత్తి నా మొహంలోకి చూసింది. నేనే ఆ కోడల్ని అనుకుందేమో. సిగ్గుతో చచ్చిపోయాను.”

“భుజం పట్టేసిందనుకున్నాను. పెద్దవాళ్ళకి పట్టేస్తూ ఉంటుంది...”

“అడిగావా?”

“రోజూ అడిగాను. బాగానే ఉందమ్మాయ్ అనేవారు.”

“ఈ ఇంట్లో బాగుంది అని తప్ప ఇంకో మాట అనడానికి చోటెక్కడుంది వదినా?”



నిన్న సాయంత్రం డాక్టరమ్మ తల్లినీ కొడుకునీ కూతురినీ కూర్చోబెట్టి సంగతంతా చెప్పింది. అత్తగారి ఎడమ రొమ్ములో గడ్డ. చంకలోకి కూడా పాకింది. బాగా ఆలస్యం చేశారు, అయినా ఇంకా చెయ్యి దాటిపోలేదు, రేపు మధ్యాహ్నంలోగా తీసుకొచ్చి చేర్చండి, మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ చేస్తాం అంది. రాకపోతే ఆ మంచం ఇంకొకరికి వెళ్ళిపోతుంది, మళ్ళీ ఎప్పటికి దొరుకుతుందో చెప్పలేనని కూడా అంది. అన్నిటికీ అత్తగారు బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చి అందరితో పాటు రెండు ముద్దలు తిన్నది. తెల్లవారాక మాత్రం, సర్దిపెట్టిన సంచీని కాలితో మంచం కిందికి నెట్టి, “నేను రాను. నా ఊపిరితో నేనే కరిగించుకుంటాను,” అని మేడ మీది యోగా గదిలోకి వెళ్ళి కూర్చుంది.

ఊపిరితో కరిగించుకోవడం ఎక్కడ నేర్చుకుందో ఎవరూ ఎవర్నీ అడగనక్కర్లేదు.

టీచరు దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆసనాలన్నీ అయ్యాక, చాపలు చుట్టే ముందు, ఒక్కొక్కరూ ఒక మంచి మాట చెప్పాలి. నొప్పి మాట, దిగులు మాట, భయం మాట చాప మీదికి రాకూడదు. మొదట్లో అది చాప వరకే ఉండేది. తర్వాత భోజనాల బల్ల దగ్గరికి వచ్చింది. ఆ తర్వాత ఇల్లంతా పాకింది. ఎవరైనా తల పగిలిపోతోంది అంటే, “తల విశ్రాంతి అడుగుతోంది అనండి,” అనేది టీచరు. నవ్వుతూనే అనేది. ఇంట్లో వాళ్ళూ నవ్వుతూనే నేర్చుకున్నారు. బేరం పోయిన రోజున భర్త “ఇవాళ దుకాణం విశ్రాంతి తీసుకుంది” అనేవాడు. అదో సరదా.

“నేనేం పని చేస్తానో తెలుసుగా నీకు,” అంది పిచ్చుక. ఆమె రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కుట్లు పరీక్ష చేస్తుంది. “వంకర కుట్టు కనబడితే బట్ట పక్కన పడేస్తాను. తప్పులు పట్టినందుకే నాకు జీతం. అందుకే గయ్యాళినయ్యాను, ఒప్పుకుంటాను. కానీ వంకర కళ్ళ ముందు కనబడుతుంటే నవ్వమని చెప్పడం ఏం చదువు వదినా? గడ్డ అనడానికి మీ భాషలో ఏమంటారు? ఒంట్లో ముత్యం పెరుగుతోంది అనాలా?”

“పిచ్చుకా!” అన్నాడు అన్నగారు.

“ఏం, మంచి మాటేగా!”

టీచరు తడిగుడ్డ తీసుకుని పొయ్యి తుడవడం మొదలుపెట్టింది. పొయ్యి ఇంకా చల్లారలేదు. వేళ్ళు చుర్రుమన్నాయి. అలాగే తుడిచింది.

వీధి తలుపు చప్పుడైంది.

తలుపు తీసేసరికి పోస్ట్‌మాస్టరుగారు నిలబడి ఉన్నారు. రిటైరై చాలా కాలమైనా వీధిలో ఆయన ఇంకా పోస్ట్‌మాస్టరే. చంకలో చుట్టిన చాప, మెడలో తువ్వాలు.

“శుభోదయం టీచరమ్మా! ఇవాళ నా మంచి మాట ఇంటి దగ్గరే తయారుచేసుకుని వచ్చాను. వింటే మీరే శభాష్ అంటారు!”

“ఇవాళ క్లాసు లేదండీ.”

“అయ్యో! పెద్దావిడ కులాసాయేనా?”

టీచరు నోరు తెరిచింది. ఆమె నోట్లోంచి “బాగానే ఉన్నారు” అనే మాట దానంతటదే రాబోయింది. అది వచ్చేలోపలే వెనక నుంచి పిచ్చుక అందుకుంది.

“కులాసా కాదండీ. మా అమ్మకి రొమ్ములో గడ్డ. చంకలోకి పాకింది. ఆపరేషన్ చెయ్యాలి. రానని మేడెక్కి కూర్చుంది.”

పెద్దాయన చాప చంకలోంచి జారింది. “అంతా మన...” అని, అలవాటుగా పెదాల చివరికి వచ్చిన మాటను మింగేశారు.

“మన మంచికేనా? మధ్యలో ఆపారేం, పూర్తి చెయ్యండి!”

“తప్పమ్మా, తప్పు. నోటి అలవాటు.” ఆయన వంగి చాప తియ్యబోయారు. వంగలేక గుమ్మం పట్టుకున్నారు. టీచరే తీసి ఇచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని కాసేపు అక్కడే తచ్చాడారు. “టీచరమ్మా, ఈ సమయంలో చెప్పొచ్చో లేదో. నా కుడి మోకాలు ఏడాదిగా నరకం చూపిస్తోంది. వజ్రాసనంలో కూర్చున్నప్పుడల్లా కళ్ళ ముందు చుక్కలు కనబడతాయి. ‘ఇవాళ ఒళ్ళు దూదిపింజలా ఉంది’ అని చెప్పానే మొన్న, అప్పుడు కూడా.”

“నాకెందుకు చెప్పలేదండీ?”

“మీరు అంత శ్రద్ధగా నేర్పుతుంటే ఎలా చెప్పమంటారు? మాలో మేం మెట్ల కింద చెప్పుకుంటాంగా.”

“మెట్ల కిందా?”

పోస్ట్‌మాస్టరుగారు తప్పు చేసిన పిల్లాడిలా చూశారు. “చెప్పులు విడిచే చోటమ్మా. మీ దగ్గరికి పైకి వచ్చే ముందు అక్కడ అందరం కాస్త ఆగుతాం. నా మోకాలు, ఎదురింటి దర్జీ ఆవిడ నడుము, ఆ బ్యాంకు గుమాస్తాకి నిద్ర పట్టకపోవడం, అన్నీ అక్కడ వెళ్ళబోసుకుని పైకొస్తాం. చెప్పులతో పాటే అవీ విడిచేస్తున్నాం అని నవ్వుకునేవాళ్ళం.”

“అమ్మ కూడా ఉండేదా అక్కడ?” అంది పిచ్చుక.

“ఆ మొదటి మెట్టు మీదే కూర్చునేవారు. మా అందరి గోడూ ఓపిగ్గా వినేవారు. ‘ముసలాళ్ళ పార్లమెంటు’ అని మా మీద జోకులు వేసేవారు.” ఆయన కళ్ళు దించుకున్నారు. “తన సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదమ్మా.”

ఆయన కుంటుకుంటూ వెళ్ళారు. ఇన్నాళ్ళూ ఆ కుంటు ఎక్కడ దాచారో మరి.

టీచరు తలుపు వేసి మెట్ల కిందికి చూసింది. చిన్న చీకటి మూల. అక్కడ అత్తగారి చెప్పులు మాత్రమే ఉన్నాయి. ఎడమది కాస్త ఎక్కువ అరిగి ఉంది. రోజూ ఊడ్చే చోటు. ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు అనిపించింది.

ఈలోగా భర్త మేడ మీదికి వెళ్ళి వచ్చాడు. మెట్లు దిగే తీరులోనే సంగతి తెలిసిపోయింది.

“గడియ పెట్టలేదు. లోపలికి మాత్రం రావద్దంది. కళ్ళు మూసుకుని ఊపిరి తీస్తోంది.”

“కాస్త గట్టిగా చెప్పలేకపోయావా అన్నయ్యా? ఎప్పుడూ నీ గొంతు అంతేనా? టైము చూడు!”

“ఎన్నిసార్లని చెప్పనే! వానాకాలం నుంచీ చెప్పీ చెప్పీ...”

అక్కడ ఆగిపోయాడు.

వానలు వెలిసి, చలి వచ్చి పోయి, ఇప్పుడు ఎండలు మండిపోతున్నాయి.

పిచ్చుక కుర్చీ వెనక భాగం పట్టుకుంది. టీచరు గోడకు చెయ్యి ఆనించింది. భర్త జేబులోంచి మెత్తటి గుడ్డ తీశాడు. మళ్ళీ జేబులోనే కుక్కేశాడు.

“ఏమన్నావు?” అంది టీచరు.

“స్నానం చేస్తుంటే చేతికి తగిలిందట. బఠాణీ గింజంత. నాకొక్కడికే చెప్పింది. ఆ రోజే పోదాం పదమ్మా అన్నాను. ఒట్టు వేయించుకుంది.”

“ఎవరికీ చెప్పొద్దనా?”

అతను భార్య వైపు చూడలేకపోయాడు. “నీకు చెప్పొద్దని.”

అతను నేల వైపు చూస్తూ చెప్పుకుపోయాడు.

“‘గోడ వైపు తిరిగి పడుకున్న మనిషిని లేపి కూర్చోబెట్టాంరా, ఇప్పుడిప్పుడే దాని మొహాన నవ్వు నిలబడుతోంది’ అంది. ‘ఈ ఇంట్లో మళ్ళీ ఆసుపత్రి మాట వినిపిస్తే తిరిగి గోడ వైపుకే పోతుంది. కొన్నాళ్ళు చూద్దాం, అదే పోతుందేమో’ అంది. నేనూ... పోతుందేమో అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను. నిన్ను మళ్ళీ అలా చూడలేననిపించింది.”

“మరి నాకు? నేనేం పాపం చేశాను?” అంది పిచ్చుక. “కన్నకూతుర్ని కదా, నాకు చెప్పొచ్చుగా!”

“నీకు చెబితే సాయంత్రానికల్లా వీధి చివరిదాకా తెలుస్తుందంది.”

మామూలు రోజైతే ఆ మాటకు ముగ్గురూ నవ్వేవాళ్ళు. ముందు పిచ్చుకే నవ్వేది. ఇప్పుడు ఆమె కుర్చీలో కూలబడింది. “ఊరందరి చూపూ సరిచేస్తావు అన్నయ్యా నువ్వు,” అని మాత్రం అనగలిగింది.

టీచరు మేడ మెట్ల వైపు నడిచింది.

“ఎక్కడికి?” అన్నాడు భర్త కంగారుగా. అతని కళ్ళలో ఉన్నది కోపం కాదు, జాలి కాదు, కాపలా. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో అందరూ తనను ఆ కళ్ళతోనే చూశారని ఆమెకు ఇప్పుడు తెలిసింది. తాను ఇంటికి ధైర్యం నేర్పుతున్నాననుకుంది. ఇల్లు తనను పగిలే గాజుసామానులా ఎత్తి పెట్టుకుంది.

మేడ మీది గది గోడలకు లేత పసుపు రంగు. అది యోగా గది కాకముందు పాప కోసం వేయించిన రంగు. పురిటి గదిలోనే ఊపిరి అందక పోయిన పాప. వట్టి చేతులతో ఇంటికి వచ్చిన టీచరు, అప్పుడింకా టీచరు కాదు, ఈ గదిలోనే, ఆ గోడ వైపే తిరిగి నెలల తరబడి పడుకుంది. పిలిస్తే పలికేది కాదు. అన్నం కలిపి నోటి దగ్గర పెడితే తినేది. ఒకరోజు అత్తగారు ఆమెను చెయ్యి పట్టి లేపి, మార్కెట్టు వెనక హాల్లో ఎవరో ముసలావిడ ఊపిరి పీల్చడం నేర్పుతోందంటే తీసుకువెళ్ళింది. తోడుగా తానూ చాప వేసుకుంది. చాలా రోజుల తర్వాత, ఒక పొద్దున్న, కోడలు కళ్ళు తెరిచి, “ఇవాళ గాలి బాగుంది అత్తయ్యా,” అంది. అత్తగారు ఆ హాలంతా వినిపించేలా ఏడ్చింది.

మొట్టమొదటి మంచి మాట అదే. ఇంటిల్లిపాదీ దాన్ని పట్టుకుని వేలాడారు.

ఇప్పుడు అత్తగారు కిటికీ కింద చాప మీద కూర్చుని ఉంది. కుడి అరచెయ్యి మోకాలి మీద తెరుచుకుని ఉంది. ఎడమది ఒళ్ళో ముడుచుకుని ఉంది.

“గురువుగారు వచ్చారా,” అంది కళ్ళు తెరవకుండానే. చాప మీద ఉన్నంతసేపూ కోడల్ని అలాగే పిలుస్తుంది.

“ఇవాళ గురువూ లేదు, శిష్యురాలూ లేదు అత్తయ్యా.”

“అయితే, అమ్మాయ్, టీ తాగావా? పాలు మాడిన వాసన వచ్చింది. పిచ్చుక నిన్నేమైనా అందా? దాని నోరు మంచిది కాదు గాని మనసు వెన్న. పట్టించుకోకు.”

“మీరెందుకు రానంటున్నారు?”

“బాగానే ఉన్నానుగా. చూడు, ఊపిరి ఎంత చక్కగా ఆడుతోందో.”

టీచరు ఎదురుగా నేల మీద కూర్చుంది. చాప వేసుకోలేదు.

“ఇవాళ నా మాట నేను ముందు చెబుతాను అత్తయ్యా.”

“చెప్పు తల్లీ.”

టీచరు పసుపు గోడ వైపు చూసింది. తర్వాత అత్తగారి మొహంలోకి చూసింది.  

“పాప చచ్చిపోయింది.”

అత్తగారి కళ్ళు తెరుచుకున్నాయి. “అమ్మాయ్! ఊరుకో, అలా...” అంటూ కోడలి నోరు మూయడానికి చెయ్యి చాపింది. కంగారులో ఎడమ చెయ్యి చాపింది. అది ఒళ్ళోంచి లేచి, రొమ్ము దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది. 

టీచరు ఆ చేతిని పట్టుకుంది. ఎత్తలేదు. అది ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి నెమ్మదిగా కిందికి దించి తన ఒళ్ళో పెట్టుకుంది.

“దానికి వేళ్ళు పొడుగ్గా ఉన్నాయి. అచ్చం మీ వేళ్ళే. ఎవరికీ చెప్పలేదు నేను.”

 “నేనూ చూశాను,” అంది అత్తగారు. “గుడ్డ కప్పబోతుంటే ఆపి చూశాను. నీకు చెబితే ఏమవుతావోనని చెప్పలేదు.”

“చెప్పేశాను చూశారా? గోడ వైపు తిరగలేదు. ఇక్కడే, మీ ముందే కూర్చున్నాను.”

 బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. కింద పిచ్చుక ముక్కు చీదిన చప్పుడు పైదాకా వినిపించింది.

“భయంగా ఉందే అమ్మాయ్,” అంది అత్తగారు.

ఆ మాట ఎంత మామూలుగా వచ్చిందంటే, ఇన్నాళ్ళూ తలుపు వెనకే నిలబడి ఉన్నట్టుంది.

“కోస్తారంటే భయం. కోశాక నన్ను నేను అద్దంలో చూసుకోవాలంటే భయం. కోసి కూడా లాభం లేకపోతే, ఇంత కష్టం మీ అందరికీ పెట్టి పోతాననే భయం. నిన్న ఆ డాక్టరమ్మ చెబుతుంటే అన్నిటికీ తలూపాను చూడు, ఒక్క ముక్క చెవికెక్కలేదు.”

“చెయ్యి ఎత్తినప్పుడు ఎలా ఉండేది?”

“పోనీలే, అయిపోయిందిగా.”

“చెప్పండి.”

“నువ్వు తట్టుకోలేవు.”

“తట్టుకోలేకపోతే ఏడుస్తాను అత్తయ్యా. ఏడిస్తే ఏమైంది? చెప్పండి.”

అత్తగారు చెప్పింది. చంకలో ఎవరో తాడు ముడేసి లోపలికి లాగుతున్నట్టు ఉండేదని చెప్పింది. కోడలు వెనక నుంచి వచ్చి “ఇంకాస్త, ఇంకాస్త” అంటూ ఎత్తుతుంటే పళ్ళు బిగబట్టి కిటికీ చువ్వలు చూసేదాన్నని చెప్పింది. “అబ్బ, ఇవాళ నిన్నటి కంటే బాగా లేచింది!” అని కోడలు చప్పట్లు కొట్టినప్పుడు, ఆ మొహం చూసి, ఈ మొహం కోసం రేపు కూడా ఎత్తించుకోవచ్చులే అనుకునేదాన్నని చెప్పింది.

టీచరు ఏడ్చింది. ముందు చప్పుడు లేకుండా, తర్వాత చప్పుడుతో. అత్తగారు కుడిచేత్తో ఆమె వీపు రాస్తూ ఉండిపోయింది. ఎవరు ఎవరిని ఓదార్చాలో ఇద్దరికీ తెలియలేదు.

మార్కెట్టు వెనక హాల్లో ఆ ముసలావిడ మొదటి రోజు చెప్పిన మాట టీచరుకు గుర్తొచ్చింది. ఊపిరిని నొప్పి ఉన్న చోటికే పంపు, పంపి దాన్ని పొమ్మనకు, ఊరికే పక్కన కూర్చో అందావిడ. మంచి ఆలోచన ఆ తర్వాతే అంది. టీచరు ఆ తర్వాతది పట్టుకుంది. ముందుది ఎక్కడ జారిపోయిందో. తన మోకాళ్ళకూ వెన్నుకూ నేర్పుకుంది, వీధి వీధంతటికీ నేర్పింది, నొప్పి ఉన్న చోటికి మాత్రం ఎవరినీ వెళ్ళనివ్వలేదు.

“అత్తయ్యా, ఒక్కసారి నాతో పాటు ఊపిరి తీసుకోండి. కరిగించడానికి కాదు. దాని దగ్గరికి వెళ్ళి రావడానికి.”

ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. అత్తగారి ఊపిరి పైకి వచ్చి, ఎడమ వైపు తడబడి, ఆగింది. మళ్ళీ తీసుకుంది. ఈసారి ఇంకాస్త లోపలికి వెళ్ళింది. కంటి చివరల నుంచి నీళ్ళు కారిపోయాయి.

“అమ్మో. ఎంత నొప్పిగా ఉందే,” అంది. మొదటిసారి తన మొహాన్ని తానే చూసినంత ఆశ్చర్యంగా అంది. తర్వాత కళ్ళు తెరిచి, “ఇది నాకు నేర్పలేదేం గురువుగారూ?” అంది.

“మరిచిపోయాను అత్తయ్యా.”

అత్తగారు కుడిచెయ్యి నేలకు ఆనించి లేవడానికి ప్రయత్నించింది. “పద. ఈ యోగా చొక్కా చెమట కంపు కొడుతోంది. ఆసుపత్రి వాళ్ళు నన్ను చూసి పారిపోతారు. ఆ నీలం చొక్కా తే.”

నీలం చొక్కాకి చేతులు బిగుతు. అత్తగారు దాన్ని చూసి, చాప మీద వెల్లకిలా పడుకోబోయింది.

“ఎందుకు పడుకుంటున్నారు?”

“పడుకుంటేనే చెయ్యి దూరుతుంది. రోజూ అలాగే వేసుకుంటున్నాగా. తలుపేసుకుని.”

గుమ్మంలో అలికిడైంది. పిచ్చుక నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. ముక్కు ఎర్రబడి ఉంది. లోపలికి వచ్చి, తన చేతిసంచీలో వెతికి, ఫ్యాక్టరీలో కుట్లు విప్పే చిన్న బ్లేడు తీసింది.

“లేచి కూర్చో అమ్మా. పడుకోనక్కర్లేదు.”

“కొత్త చొక్కానే! పాడుచేయకే!”

“నోర్మూసుకో,” అంది పిచ్చుక ప్రేమగా. చొక్కాని తిరగేసి, ఎడమ చేతి కింద కుట్టు వెతికి, మణికట్టు నుంచి చంకదాకా, చంక నుంచి నడుందాకా విప్పడం మొదలుపెట్టింది. దారాలు పటపటా తెగాయి. సగం విప్పాక, తల ఎత్తకుండానే, “ఆ చివర పట్టుకో వదినా. లాగకు, ఊరికే పట్టుకో,” అంది.

టీచరు పట్టుకుంది. ఇద్దరి మధ్యా చొక్కా బిగిసి నిలబడింది.

“నాకింకా కోపం పోలేదు,” అంది పిచ్చుక.

“తెలుసు.”

“రేపు లోపల ఏదైనా అయితే, ఎప్పటికీ పోదేమో.”

“తెలుసు,” అంది టీచరు మళ్ళీ. సర్దిచెప్పలేదు. పిచ్చుక ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, తిరిగి కుట్టు మీదికి వంగింది.

విప్పిన చొక్కాని పక్క నుంచి కప్పి, రెండు చోట్ల పిన్నులు పెట్టారు. అత్తగారి చెయ్యి కదలాల్సిన పని లేకపోయింది. ముగ్గురూ మెట్లు దిగారు. ముందు పిచ్చుక, మధ్యలో అత్తగారు, వెనక టీచరు. వీధిలో భర్త కారు తెచ్చి ఆపి ఉంచాడు. సంచీ ముందు సీట్లో ఉంది.

మొదటి మెట్టు దగ్గర అత్తగారు ఆగి, దాని మీద కూర్చుంది.

“ఏమైందమ్మా? నీరసంగా ఉందా?” అంది పిచ్చుక గుమ్మం దగ్గర నుంచి.

“చెప్పులు వేసుకోవద్దూ?”

టీచరు మెట్ల కిందికి వంగి చెప్పులు తీసింది. ఒకటి తొడిగింది. రెండోదానికి పాదం అందించకుండా అత్తగారు అలాగే ఉండిపోయింది. ఆ చీకటి మూల వైపు చూస్తోంది. పోస్ట్‌మాస్టరు మోకాలూ దర్జీ ఆవిడ నడుమూ రోజూ పోగుపడే మూల.

“అమ్మాయ్.”

“ఊఁ.”

“నేను గనక తిరిగి రాకపోతే...”

‘అలా అనకూడదు అత్తయ్యా’ అన్న మాట టీచరు నాలుక మీదికి వచ్చేసింది. ఎన్ని పొద్దులు, ఎంతమందితో అన్న మాట అది. ఎంత నున్నగా అరిగిపోయిందంటే, అనడానికి ఊపిరి కూడా అక్కర్లేదు. గుమ్మంలోంచి పిచ్చుక రెప్ప వేయకుండా తననే చూస్తోంది. వీధిలో కారు హారన్ ఒకసారి మోగింది.

టీచరు చెప్పులు విడిచే ఆ మూలలోనే, నేల మీద, అత్తగారి మోకాళ్ళ ముందు కూర్చుంది. రెండో చెప్పు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

“చెప్పండి అత్తయ్యా,” అంది. “మీరు రాకపోతే?”

అత్తగారు ఎడమ వైపుకు ఒకసారి నిండా ఊపిరి తీసుకుని, చెప్పడం మొదలుపెట్టింది.